జాయిన్ పేజీ తిరగరాసే ముందు చూసుకోవాల్సినవి

క్వెరీ (డేటాబేస్‌ను సమాచారం అడిగే ఆదేశం) డాక్యుమెంటేషన్‌లో జాయిన్ పేజీని, అంటే రెండు టేబుళ్ల వరుసలను జతచేయడం వివరించే పేజీని, చదివేవాళ్లకన్నా కాపీ చేసుకునేవాళ్లే ఎక్కువ. వివరణ ఎంత బాగున్నా ఉదాహరణ తప్పైతే ఆ తప్పే కోడ్‌లోకి వెళ్తుంది. అందుకే వాక్యాల జోలికి పోకముందే ఉదాహరణ టేబుళ్లు సరిచేయండి.

ఇన్నర్ జాయిన్ జత కుదిరిన వరుసలే ఇస్తుంది. లెఫ్ట్ ఎడమ టేబుల్‌లో (ఇక్కడ కస్టమర్లు), రైట్ కుడి టేబుల్‌లో (ఆర్డర్లు), ఫుల్ రెండిట్లోనూ జత లేనివాటిని కూడా ఉంచుతుంది. క్రాస్ ప్రతి వరుసనూ ప్రతి వరుసతో కలుపుతుంది. ముగ్గురు కస్టమర్లు, తలా ఒక ఆర్డరు అని పెడితే ఇన్నర్, లెఫ్ట్, రైట్ ఏది రాసినా వచ్చేవి మూడు వరుసలే. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది? కస్టమర్లు ముగ్గురే ఉంచి ఆర్డర్లు ఐదు చేయండి: మొదటివారికి రెండు, రెండోవారికి ఒకటి, మూడోవారికి ఏదీ లేదు, మిగిలిన రెండు ఆర్డర్లలో కస్టమర్ ఐడీ నల్ (విలువ లేదు). ఇప్పుడు ఇన్నర్‌కు 3, లెఫ్ట్‌కు 4, రైట్‌కు 5, ఫుల్‌కు 6, క్రాస్‌కు 15 వరుసలు వస్తాయి. ఏ రెండూ కలవవు. ప్రతి క్వెరీ కిందా ఫలితం మొత్తం చూపించండి. జాయిన్లకు వాడే రెండు వృత్తాల బొమ్మతో సరిపెట్టొద్దు. మొదటి కస్టమర్ రెండుసార్లు ఎందుకు వచ్చాడో ఆ బొమ్మ చెప్పదు.

అసలు ప్రమాదం ఆన్ (జత కుదిర్చే షరతు), వేర్ (జతచేశాక వరుసలను వడకట్టే షరతు) దగ్గర ఉంది. లెఫ్ట్ జాయిన్ రాసి, ఆర్డర్ స్టేటస్ ‘పెయిడ్’ అయి ఉండాలన్న షరతును వేర్‌లో పెడితే, ఆర్డర్ లేని కస్టమర్‌కు స్టేటస్ నల్ కాబట్టి ఆ పోలిక నిజం కాదు, ఆ వరుస రాలిపోతుంది. పేరుకు లెఫ్ట్, పనికి ఇన్నర్. ఎర్రర్ కూడా రాదు. అదే షరతు ఆన్‌లో ఉంటే కస్టమర్ మిగులుతాడు. అలాగని ఎడమ టేబుల్ షరతునూ ఆన్‌లోకి తోస్తే అది వరుసలను వడకట్టదు, జత కుదరకుండా మాత్రమే చేస్తుంది. ఈ మూడు క్వెరీలూ పక్కపక్కనే ఉండాలి.

లెఫ్ట్ జాయిన్‌తో ఆర్డర్ లేనివాళ్లను వెతికే ఉదాహరణలో ‘ఈజ్ నల్’ పరీక్షను ఆర్డర్ల ప్రైమరీ కీ (ప్రతి వరుసకూ తప్పక ఉండే ప్రత్యేక ఐడీ) మీదే పెట్టండి. డిస్కౌంట్ లాంటి ఖాళీగా ఉండగల కాలమ్ మీద పెడితే ఆర్డర్ ఉన్నవాళ్లూ వచ్చేస్తారు. లెక్కపెట్టేటప్పుడూ అంతే: కౌంట్ స్టార్ (వరుసలన్నీ లెక్కించేది) మూడో కస్టమర్‌కు 1 చూపిస్తుంది, ఆర్డర్ ఐడీని లెక్కిస్తే 0.

కామాతో టేబుళ్లు కలిపే పాత పద్ధతిని జాయిన్‌తో ఒకే క్వెరీలో కలపొద్దు. జాయిన్ ముందు ముడిపడుతుంది కాబట్టి కామాకు ఎడమన ఉన్న టేబుల్ ఆన్‌కు కనిపించదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో 5.0.12 వెర్షన్ నుంచి ఇదే నియమం, పాత క్వెరీలు అక్కడే విరిగాయి. నేచురల్ జాయిన్‌ను (ఒకే పేరున్న కాలమ్‌లన్నిటితో తనే జత కుదిర్చేది) మా మాట వింటే ఉదాహరణల్లోంచి తీసేయండి. రేపు రెండు టేబుళ్లకూ ‘అప్‌డేటెడ్ ఎట్’ కాలమ్ చేరితే అదీ చప్పుడు లేకుండా షరతులో కలిసిపోతుంది.

ఏ డేటాబేస్, ఏ వెర్షన్ అన్నది ప్రతి ఉదాహరణ పక్కనా రాయండి. మైఎస్‌క్యూఎల్‌లో ఫుల్ జాయిన్ లేదు. ఎస్‌క్యూలైట్‌కు రైట్, ఫుల్ రెండూ 2022లో 3.39.0తోనే వచ్చాయి. ఇన్నర్ జాయిన్‌లో ఆన్ మర్చిపోతే పోస్ట్‌గ్రెస్ ఎర్రర్ ఇస్తుంది, మైఎస్‌క్యూఎల్ మాత్రం క్రాస్ జాయిన్ అనుకుని 15 వరుసలూ ఇచ్చేస్తుంది.