తులిప్ పోప్లర్‌ని గుర్తుపట్టాలా? ముందు కిందకి చూడండి

అమెరికా తూర్పు అడవుల్లో నడిచేవాళ్లకి ఈ చెట్టు ఎక్కడో ఒకచోట తగులుతుంది, కానీ పువ్వు చూసి గుర్తుపడదామని తలెత్తి నిలబడితే మెడ నొప్పే మిగులుతుంది. పూసేది మే, జూన్‌లో, అదీ ఆకులన్నీ వచ్చేశాక, ఎక్కడో చిటారు కొమ్మన. పైగా ఆకుల్లో కలిసిపోయే లేత పసుపు. అందుకే నేను నేల వెతుకుతాను. రాలిన పువ్వు దొరికితే రేకుల అడుగున నారింజ రంగు పట్టీ ఉందా చూడండి.

పువ్వు లేకపోయినా టెన్షన్ లేదు, ఆకు చాలు. కొన ఉండాల్సిన చోట ఎవరో కత్తెరతో కత్తిరించేసినట్టు ఉంటుంది. పేరులో పోప్లర్ ఉంది గానీ ఇది పోప్లర్‌కి చుట్టమే కాదు, సంపెంగ కుటుంబం. లేత కొమ్మని దగ్గరగా పట్టుకుని చూస్తే ఆకు పుట్టిన ప్రతి చోటా చుట్టూ ఉంగరంలా సన్నటి గీత ఉంటుంది, సంపెంగ కొమ్మకి ఉన్నట్టే. చలికాలంలో అయితే బాతు ముక్కులా చప్పటి మొగ్గ, కొమ్మల చివర్న ఇంకా రాలని రెక్కల గింజల గుత్తులు.

ఎక్కడ వెతకాలంటే, కొండల మధ్య వాగు పారే పల్లాల్లో, నేల లోతుగా, తడిగా ఉండి నీళ్లు నిలవని చోట. స్తంభంలా నిటారుగా పోయి చాలా ఎత్తు వరకు కొమ్మే లేని మాను కనిపిస్తే అదే అయ్యుండొచ్చు. నార్త్ కరోలినాలోని జాయిస్ కిల్మర్ అడవిలో 400 ఏళ్లు దాటినవి, 20 అడుగుల చుట్టుకొలత ఉన్నవి ఉన్నాయి, వీలైతే అక్కడికే వెళ్లండి. ఇంకో గుర్తు: నీడలో దీని మొలక బతకదు. గింజలు మాత్రం రాలిన ఆకుల కింద కొన్నేళ్లు ఓపిగ్గా పడుంటాయి, పెద్ద చెట్టు కూలి ఎండ పడగానే లేస్తాయి. కాబట్టి ఒకే వయసు తులిప్ పోప్లర్లు గుంపుగా నిలబడి ఉంటే, అక్కడ ఒకప్పుడు పొలమో, చెట్లు నరికిన జాగానో ఉండి ఉంటుంది.

ఇంటి దగ్గర నాటాలనుకుంటే చిన్న మొక్కే తెచ్చుకోండి, వసంతంలో నాటండి. వేళ్లు కండగా ఉంటాయి, తెగితే తేరుకోవడం కష్టం. పువ్వుకి 15, 20 ఏళ్లు ఆగాలి. దాని కింద కారు మాత్రం పెట్టకండి, ఆకుల మీద చేరే పేనుబంక కార్చే జిగురు అద్దం నిండా అంటుకుంటుంది.