మెడికల్ విద్యార్థులకు ఎవిడెన్స్ బేస్డ్ మెడిసిన్ (పరిశోధనల ఆధారాలను తూచి చికిత్స నిర్ణయించడం) నేర్పడం ఎలా?

కావాల్సినవి: ఐదుగురి చొప్పున గ్రూపులు, ఇంటర్నెట్, కాల్‌క్యులేటర్, తలా ఒక తెల్లకాగితం. పవర్‌పాయింట్ వద్దే వద్దు. దాన్ని రానిస్తే స్లైడ్ల రంగుల మీదున్న శ్రద్ధ పరిశోధన పేపర్ మీద ఉండదు.

ప్రశ్న వార్డులోనే పుట్టాలి. దాన్ని పికో పద్ధతిలో రాయించండి: రోగి ఎవరు, చికిత్స ఏది, దేనితో పోలుస్తున్నాం, ఏ ఫలితం చూస్తున్నాం. "గుండెపోటుకు మందేమిటి?" అన్నదానికి పాఠ్యపుస్తకం చాలు. "గుండెపోటు అనుమానంతో 24 గంటల్లోపు వచ్చినవారికి నెలపాటు ఆస్పిరిన్ ఇస్తే, ఐదు వారాల్లో మరణాలు తగ్గుతాయా?" అన్నది వెతకదగ్గ ప్రశ్న. మొదటిసారికి ఇలా జవాబు ఎప్పుడో తేలిపోయిన ప్రశ్నే మంచిది.

వెతకడానికి అరగంట చాలు. ముందు కోక్రేన్ లైబ్రరీ (ఒక చికిత్సపై వచ్చిన పరిశోధనలన్నిటినీ కలిపి తూచిన సమీక్షలు ఉండే చోటు), తర్వాత వైద్య పేపర్లు వెతికే పబ్‌మెడ్ సైట్‌లో, చికిత్స ప్రశ్నలకు తగ్గవాటిని వడగట్టి ఇచ్చే క్లినికల్ క్వెరీస్.

అసలు చిక్కంతా పేపర్‌ను తూచే దగ్గరే. చాలాచోట్ల పేపర్ చేతిలో పెట్టి "మీలో మీరు పంచుకోండి" అంటారు. ఒకరు వెతుకుతారు, ఒకరు లెక్కలు చూస్తారు, ఒకరు స్లైడ్లు చేస్తారు. చివరికి లెక్కలు చూసినవాడికి తప్ప మిగతా నలుగురికీ లెక్కలు రావు. దీన్ని గ్రూప్ లెర్నింగ్ అనడం అన్యాయం.

చర్చకు రెండు రోజుల ముందే పేపర్ ఇచ్చి, ఎవరికి వారే చదివి కాగితం మీద ఇవి రాయమనండి: ఎవరికి ఏ మందు పడుతుందో రోగిని చేర్చుకునేవారికి ముందే తెలిసే వీలుందా? మందు మధ్యలో మానేసినవారినీ మొదట కేటాయించిన వర్గంలోనే లెక్కించారా? రెండు వర్గాల్లో మరణాలెన్ని? చివరగా, నా రోగికి ఈ మందు ఇస్తానా? ఈ కాగితాలు చేతికి అందాకే చర్చ మొదలుపెట్టండి. లేదంటే క్లాస్ టాపర్ మాటే అందరి మాటవుతుంది.

లెక్కల్లో అందరూ జారేది ఒకేచోట. గుండెపోటు అనుమానంతో వచ్చినవారిలో ఆస్పిరిన్‌ను పరీక్షించిన, 1988లో వచ్చిన ఐసిస్-2 ట్రయల్‌నే తీసుకోండి. 17,187 మంది రోగులు. ఐదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా మరణించినవారు ఆస్పిరిన్ వర్గంలో 9.4 శాతం, ప్లాసిబో (మందులేని ఉత్తుత్తి మాత్ర) వర్గంలో 11.8 శాతం. "మరణాలు ఐదో వంతు తగ్గాయి" అని రాసి పెన్ను మూసేస్తారు. అసలు తేడా 2.4 శాతం. 100ను 2.4తో భాగిస్తే దాదాపు 42. అంటే ఒక ప్రాణం నిలవడానికి 42 మందికి మందివ్వాలి. 100 బదులు 1ని భాగించి 0.42 తెచ్చేవారు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఐదో వంతు, 42 రెండూ రాయించండి, పక్కనే "ఐదు వారాల్లో" అనీ రాయించండి. కాలం చెప్పని 42కి అర్థం లేదు.

చర్చకు 45 నిమిషాలు. నిర్ణయాలు, అంకెలు తేడా వచ్చినవారిని ఎదురెదురుగా కూర్చోబెట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. మొదటి ఇరవై నిమిషాలు టీచర్ నోరు విప్పకూడదు. ఆ తర్వాత అదే ట్రయల్‌లోని రాశుల విశ్లేషణ బయటపెట్టండి: మిథున, తులా రాశులవారిలో ఆస్పిరిన్ ప్రయోజనం కనబడలేదు! రోగులను ముక్కలు చేసి చూస్తే వచ్చే పొరపాటును చూపించడానికే పరిశోధకులు దాన్ని పేపర్‌లో పెట్టారు. దినపత్రికల్లో రాశిఫలాలు చదివే మనకు వేరే వివరణ అక్కర్లేదు.

తర్వాత మళ్లీ రోగి మంచం దగ్గరికే. ఇతనికి కడుపులో పుండుందా, రక్తస్రావం జరిగిందా, ఆస్పిరిన్ పడదా? అవన్నీ చూశాక ప్రతి విద్యార్థీ తన పాత కాగితం మీదే ఎర్రసిరాతో, ఏం మార్చుకున్నాడో, ఎందుకో ఒంటరిగా రాయాలి. మార్కులు ఆ ఎర్రసిరాకే, గ్రూపుకు కాదు.