సముద్రపు రంగుచేపల పిల్లలకు సజీవాహారం, 3వ పాఠం: రోటిఫర్లు

కిందటి పాఠంలో నానోక్లోరాప్సిస్ నాచు పెంచాం. ఆ పచ్చనీరు బాగా చిక్కబడ్డాకే ఈ పాఠం పట్టండి. రోటిఫర్లంటే నాచు తిని బతికే, కంటికి సరిగా ఆనని నీటి ప్రాణులు. నాచు సిద్ధంగా లేకుండా వాటిని తెచ్చుకుంటే వాటిని పస్తు పెట్టినట్టే.

క్లౌన్ చేప గుడ్లు దాదాపు 28 డిగ్రీల నీటిలో 7–8 రోజుల్లో, చీకటి పడ్డాక పగులుతాయి. పిల్లలు 3–4 మిల్లీమీటర్లే ఉంటాయి, తెల్లారేసరికి మేత వెతుక్కుంటాయి. అప్పుడే పుట్టిన ఆర్టీమియా (రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) కూడా 400 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటుతుంది, ఆ నోట్లో పట్టదు. రోటిఫర్లలో చిన్న రకమైన బ్రాకియోనస్ రొటుండిఫార్మిస్ 100–210 మైక్రాన్లే. పైగా మెల్లగా ఈదుతుంది, అందుకే పిల్లకు సులువుగా దొరుకుతుంది.

పెంచడానికి ఒక బకెట్టు చాలు. ఉప్పదనం 20–25 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు), వేడి 25–28 డిగ్రీలు ఉంచండి. గాలి గొట్టానికి ఎయిర్ స్టోన్ (బుడగలను సన్నగా చేసే రాయి) పెట్టొద్దు, పెద్ద బుడగలు మెల్లగా వస్తే చాలు. నీరు తేటపడిందంటే మేత అయిపోయిందని అర్థం, వెంటనే నాచు పోయండి.

ఇక అసలు పని లెక్క. రోజూ ఒక మిల్లీలీటరు నీరు తీసి, ఒక చుక్క అయోడిన్ వేస్తే రోటిఫర్లు కదలకుండా ఆగుతాయి. మైక్రోస్కోప్ కింద ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. అంతకంటే ముఖ్యంగా, ఎన్నిటికి గుడ్లున్నాయో చూడండి. గుడ్డు ఒంటి వెనక భాగానికి అంటుకుని గుండ్రంగా కనిపిస్తుంది. సంఖ్య తగ్గకముందే గుడ్లున్నవి తగ్గుతాయి. అది కనబడ్డ రోజే కొంత నీరు మార్చండి, మేత సరిపోతోందా చూడండి. సంఖ్య పడిపోయేదాకా ఆగితే, సరిగ్గా పిల్లలు పుట్టే రోజుకి బకెట్టు ఖాళీ అవుతుంది. ఇంత చిన్న ప్రాణాలు మన ఆలస్యానికి ఆకలితో చనిపోకూడదు. అందుకే రెండో బకెట్టు కూడా తప్పకుండా నడపమంటాను.

బకెట్టులో రోటిఫర్లు నిలకడగా పెరుగుతుంటే రోజూ పావు వంతు నీరు 50 మైక్రాన్ల వలగుడ్డలో వడకట్టండి. గుడ్డలో మిగిలిన రోటిఫర్లను శుభ్రమైన ఉప్పునీటితో కడగాలి, లేకపోతే బకెట్టులోని అమ్మోనియా కూడా పిల్లల తొట్టిలోకి పోతుంది. తొట్టి ఉప్పదనానికి వాటిని కొద్దికొద్దిగా అలవాటు చేయండి. ఒక్కసారిగా వేస్తే ఈత మాని అడుక్కి చేరతాయి, పిల్లకు పనికిరావు.

వేసే ముందు కొన్ని గంటలు ఐసోక్రైసిస్ నాచు తినిపించండి. పిల్లకు కావలసిన డీహెచ్‌ఏ కొవ్వు నానోక్లోరాప్సిస్‌లో దాదాపు ఉండదు. రోటిఫర్ పొట్టలో ఏముంటే పిల్లకు అందేది అదే, ఆకలితో ఉన్న రోటిఫర్ వేసినా లాభం తక్కువ. తొట్టిలో మిల్లీలీటరుకు 10 చొప్పున ఉండేలా, రోజుకు రెండు మూడు విడతలుగా వేయండి.

వచ్చే పాఠం ఆర్టీమియా. అప్పటిదాకా రెండు బకెట్ల లెక్కలూ తేదీలవారీగా రాసి ఉంచండి, మేత మార్చే రోజు నిర్ణయించడానికి అవి కావాలి.