లాప్‌టాప్ స్లో అయిందని ఫార్మాట్ కొట్టించే ముందు

మూడేళ్ల క్రితం మా అక్క లాప్‌టాప్ బాగా స్లో అయిపోయింది. ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని వచ్చినా తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. దగ్గర్లో ఉన్న షాపుకి తీసుకెళ్తే, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్, కొత్తదానిలా అయిపోతుంది. సి డ్రైవ్ ఒక్కటే పోతుంది, మీ డేటా డి డ్రైవ్‌లోనే ఉంటుందిగా" అన్నాడు అక్కడి అబ్బాయి. అక్క సరే అంది. సాయంత్రానికి లాప్‌టాప్ నిజంగానే స్పీడుగా తిరిగొచ్చింది. పాప పుట్టిన రోజు నుంచి మొదటి పుట్టినరోజు దాకా తీసిన ఫొటోలన్నీ డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉండేవి. డెస్క్‌టాప్ కూడా సి డ్రైవ్‌లోనే ఉంటుందని అక్కకు తెలియదు. అడగాలని ఆ అబ్బాయికి తోచలేదు. అంతకుముందు వాట్సాప్‌లో అమ్మకు పంపిన పాతిక ముప్పై ఫొటోలు మాత్రం మిగిలాయి.

స్లోగా ఉన్నంతకాలం పోయేది మన టైమే. దాన్ని స్పీడు చేయాలని కూర్చున్న రోజే ఫొటోలు, లెక్కలు, సర్టిఫికెట్లు పోయే ప్రమాదం ఉంటుంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న పాత లాప్‌టాప్‌లను బాగుచేయించే ఆలోచన చాలా ఇళ్లలో మొదలైంది. అందుకే ఈ జాగ్రత్తలు.

ముందు బ్యాకప్. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ అన్నీ మామూలుగా సి డ్రైవ్‌లో యూజర్స్ అనే ఫోల్డర్ కిందే ఉంటాయి. వాటిని డి డ్రైవ్‌లోకి కాపీ చేస్తే బ్యాకప్ అయిపోయినట్టు కాదు. చాలా లాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని రెండు గదులు. డిస్క్ చెడిపోతే రెండూ కలిసే పోతాయి. బయటి హార్డ్ డిస్క్‌లోకో, పెద్ద పెన్‌డ్రైవ్‌లోకో కాపీ చేయండి. చేశాక దాన్ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. కాపీ అయిందనుకుని తెరిచి చూడకపోవడం వల్ల మోసపోయినవాళ్లను నేను చూశాను.

జనం మర్చిపోయేవి ఇంకొన్ని ఉన్నాయి. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డులు, బుక్‌మార్కులు అందులో మొదటివి. షాపు లెక్కలు ట్యాలీలో ఉంటే ట్యాలీలోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్‌తో తీసి, అది సరిగా వచ్చిందో లేదో చూసుకోండి. డీటీపీ పని చేసేవాళ్లకైతే 'అను' అనే పేరున్న తెలుగు ఫాంట్లు. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనబడే పద్ధతి) కావు కాబట్టి, ఫాంట్లు పోయి పేజ్‌మేకర్ ఫైళ్లు మాత్రమే మిగిలితే పెళ్లి శుభలేఖ కూడా పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లా కనబడుతుంది. ఫాంట్ల ఇన్‌స్టాలర్, లైసెన్స్ వివరాలు విడిగా దాచుకోండి.

ఒకవేళ పొరపాటున ఫార్మాట్ అయిపోతే, ఆ క్షణమే లాప్‌టాప్ ఆపేయండి. మళ్లీ ఏదీ ఇన్‌స్టాల్ చేయవద్దు. పాత హార్డ్ డిస్క్ అయితే రికవరీకి కొంత అవకాశం ఉంటుంది. హార్డ్ డిస్క్ బదులు వాడే, అంతకంటే వేగమైన ఎస్ఎస్‌డీలో ఆ అవకాశం చాలా తక్కువ. అక్క విషయంలో కొత్త విండోస్, దాని మీద సాఫ్ట్‌వేర్లు అన్నీ ఎక్కించేశాక గానీ మాకు సంగతి తెలియలేదు.

రెండోది బిట్‌లాకర్, అంటే కీ లేకుండా డిస్క్‌లోని డేటాను చదవలేకుండా విండోస్ వేసే తాళం. ఇది ఉందని కూడా చాలామందికి తెలియదు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త తరం లాప్‌టాప్‌లలో డిస్క్ తనంతట తాను ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఈ తాళం పడి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ అని వెతికితే ఆన్‌లో ఉందో లేదో తెలుస్తుంది. ఆన్‌లో ఉంటే, బయోస్‌లో (విండోస్ కంటే ముందు లాప్‌టాప్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్) ఏదైనా మార్చినా, మదర్‌బోర్డ్ మార్చినా నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో ఉంటుంది. ఇంకో ఫోన్‌లో లాగిన్ అయి చూసి, కాగితం మీద రాసి పెట్టుకోండి. కీ దొరక్కపోతే ఏ షాపువాళ్లూ ఆ డేటాను తీయలేరు.

ఇక లాప్‌టాప్ ఎందుకు స్లో అయిందో చూడకుండా మందు వేయవద్దు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. డిస్క్ దగ్గర చాలాసేపు 100 శాతం ఉంటే మీ బాధ ఎక్కువగా హార్డ్ డిస్క్‌తోనే. మెమరీ 90 దాటితే ర్యామ్ చాలట్లేదు. సీపీయూ నిండితే ఏదో ఒక ప్రోగ్రామో, వెనకాల నడుస్తున్న అప్‌డేటో కారణం. అప్‌డేట్ అయితే చార్జర్ పెట్టి ఒక గంట వదిలేయండి, దానంతట అదే సర్దుకుంటుంది. ఇంకో చిన్న విషయం. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. రీస్టార్ట్ చేస్తేనే మొదటి నుంచి మొదలవుతుంది. ముందు అది చేసి చూడండి.

హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తున్నా, ఫైళ్లు తెరిచేటప్పుడు ఆగిపోతున్నా క్లీనింగ్, డీఫ్రాగ్ (డిస్క్‌లో చెల్లాచెదురైన ఫైళ్లను సర్దడం) లాంటివేవీ మొదలుపెట్టవద్దు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పసుపు రంగులో కాషన్ అని చూపిస్తే, చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌తో పరుగు పందెం పెట్టినట్టే అవుతుంది. ముందు అతి ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకోండి. మిగతావి తర్వాత.

యూట్యూబ్ చూసి చేసే పనుల్లో కొన్ని ఫరవాలేదు, కొన్ని చెడుపు చేస్తాయి. టెంప్ ఫైళ్లు తీసేయవచ్చు. ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేస్తే మాత్రం లాభం లేదు. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసుకున్న సమాచారం అది, తీసేస్తే మళ్లీ మొదటి నుంచి రాసుకుంటుంది. డిస్క్ క్లీనప్‌లో టిక్కులన్నీ పెట్టేసి ఓకే కొట్టవద్దు. కొన్ని వెర్షన్లలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ కూడా ఆ జాబితాలో ఉంటుంది, హాల్ టికెట్లూ మార్కుల మెమోలూ చాలామందికి అక్కడే ఉంటాయి. రిజిస్ట్రీ క్లీనర్లు, పీసీ బూస్టర్లు, డ్రైవర్ అప్‌డేటర్లు వద్దే వద్దు. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. 4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్‌లో వాడుకునే చోటు) ఆపేస్తే, ర్యామ్ నిండగానే ప్రోగ్రాములు మూసుకుపోతాయి. ఎవరో తయారుచేసిన "లైట్" విండోస్‌లు అసలు ఎక్కించుకోకండి. అందులో ఏం తీసేశారో, ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు. ఆ లాప్‌టాప్‌లోనే మనం బ్యాంకు పాస్‌వర్డ్ కొడతాం.

స్టార్టప్ యాప్స్‌లో అక్కర్లేనివి ఆపడం మాత్రం భయం లేని పని. కావాలంటే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. విజువల్ ఎఫెక్ట్స్ తగ్గించేటప్పుడు అన్నీ తీసేయకుండా, అక్షరాల అంచులు నునుపు చేసే ఆప్షన్‌ను ఉంచండి. అది తీస్తే ఇంగ్లిష్ ఎలాగో చదవొచ్చు గానీ మన వత్తులూ గుడులూ గరుకుగా విరిగిపోయి కళ్లు నొప్పెడతాయి.

మైక్రోసాఫ్ట్ వాళ్ల ఆన్‌లైన్ స్టోరేజ్ వన్‌డ్రైవ్ దగ్గర కూడా జాగ్రత్త. డెస్క్‌టాప్ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో ముడిపడి ఉంటే, ఉచితంగా వచ్చే 5 జీబీ నిండిందని ఆన్‌లైన్‌లో డిలీట్ చేసిన ఫైలు లాప్‌టాప్‌లోనూ పోతుంది. లాప్‌టాప్‌లో చోటు కావాలంటే ఫ్రీ అప్ స్పేస్ అనే ఆప్షన్ వాడాలి, డిలీట్ కాదు.

నా మటుకు నేను చెప్పేదేమిటంటే, హార్డ్ డిస్క్ ఉన్న లాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వేయించడాన్ని మించిన మందు లేదు. ఎన్ని సెట్టింగులు మార్చినా ఆ తేడా రాదు. కొనే ముందు మీ మోడల్‌కి 2.5 అంగుళాల సాటా పడుతుందా, ఎం.2 స్లాట్ ఉందా, ఉంటే అది సాటానా ఎన్‌వీఎంఈనా అని చూడండి. ఇవన్నీ ఎస్ఎస్‌డీని లాప్‌టాప్‌కి తగిలించే రకాలు. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదానిలో ఒకటి పనిచేయకపోవచ్చు. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్3ఎల్ స్లాట్‌లో డీడీఆర్4 పట్టదు. కొన్ని సన్నని లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, పెంచలేం. 4 జీబీ ర్యామ్ అలాగే ఉంచి విండోస్ 11 ఎక్కించమని మాత్రం నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ చెప్పిన కనీసం అదే అయినా, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే మళ్లీ పాత కథే.

మూత విప్పినప్పుడు బ్యాటరీ ఉబ్బి కనబడినా, అంతకుముందే టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా పని ఆపేయండి. దాన్ని నొక్కడం, పొడవడం ప్రాణం మీదకు తెస్తుంది. చార్జర్ తీసేసి నేరుగా సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

ఎండాకాలంలో ఈ పనులు పెట్టుకునేవాళ్లు వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. చాలా లాప్‌టాప్‌లను 35 డిగ్రీల గది వేడి వరకు వాడేలా తయారుచేస్తారు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల ఇంట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పరుపు మీద పెట్టి వాడితే గాలి పోయే దారి మూసుకుపోతుంది. సమస్య ఇదే అయితే ఫార్మాట్ చేసినా మారేదేమీ లేదు. దుమ్ము దులిపించి, బల్ల మీద పెట్టి వాడి చూడండి.

బ్యాటరీ పనిచేయని లాప్‌టాప్‌లో విండోస్ ఎక్కించేటప్పుడో, బయోస్ అప్‌డేట్ చేసేటప్పుడో కరెంటు పోతే పని మధ్యలో ఆగిపోతుంది. బయోస్ విషయంలో అయితే లాప్‌టాప్ అసలు ఆన్ కాకపోవచ్చు. ఇన్వర్టర్ లేని ఇంట్లో గాలివాన కాలంలో అది చేయవద్దు. పిల్లలు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టుకునే వారంలోనూ, జీఎస్టీ రిటర్న్ గడువుకి ముందు రోజూ లాప్‌టాప్ జోలికి పోకండి.

షాపుకి ఇస్తే పాత డిస్క్ తప్పకుండా వెనక్కి తీసుకోండి. అందులో మీ ఆధార్, పాన్ కాపీలు ఉంటాయి. మర్చిపోయిన ఫైలు ఏదో ఒకటి తర్వాత గుర్తొస్తుంది కాబట్టి, దాన్ని చెరపకుండా కనీసం మూడు నెలలు బీరువాలో ఉంచండి.