తాజా చీజ్‌తో పిజ్జా, మూడో పాఠం: ముందు నీళ్ల సంగతి

పోయిన పాఠంలో మోజరెల్లా, అంటే పిజ్జా మీద కరిగి సాగే తాజా చీజ్, చేయమన్నాను. చాలామంది పనీర్ చేశారు. పొడిపొడిగా రాలే ముద్దను పిజ్జా మీద వేసి, కరగలేదేమని నన్ను అడిగితే ఏం చెప్పను? పనీర్ కరగదు. ఈ ముడి విప్పకుండా పొయ్యి దగ్గరికి వెళ్లలేం కాబట్టి సగం పాఠం దీనికే పోతోంది.

తప్పు ఎక్కడంటే, పాలు కాచారు. ప్యాకెట్ ఇంటికి రాగానే గిన్నెలో పోసి పొంగు రానివ్వడం మన చేతుల్లో ఇంకిపోయిన అలవాటు; ‘కాచవద్దు’ అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం నా పొరపాటే. పాలు మరిగితే, తేటలో (గడ్డ తీయగా మిగిలే నీళ్లలో) మిగిలిపోవలసిన ప్రోటీన్లు కేసిన్‌కు, అంటే గడ్డకట్టే పాల ప్రోటీన్‌కు, అతుక్కుంటాయి. ఆ తర్వాత పాలను గడ్డకట్టించే రెన్నెట్ ఎంత వేసినా గట్టి గడ్డ రాదు, వచ్చింది సాగదు. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ అయ్యే, అంటే మరగకుండా వేడిచేసి క్రిములు పోగొట్టాకే, వస్తాయి. గేదె పాలు నేరుగా పోయించుకునేవారు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర అరగంట ఉంచి చల్లార్చితే చాలు. నెలల తరబడి నిలిచే అట్టపెట్టె పాలు అసలు వద్దు. మీకంటే ముందే వాటిని ఇంకా తీవ్రంగా కాచేశారు. టోన్డ్ పాలలో వెన్న 3 శాతమే, చీజ్ రబ్బరులా వస్తుంది. 6 శాతం ఉన్న ఫుల్ క్రీమ్ కొనండి.

పాలు కాచలేదు, అయినా సాగలేదు అంటారా? ముద్ద లోపలిదాకా వేడెక్కి ఉండదు. 80 డిగ్రీల నీళ్లలో రూపాయి బిళ్లంత ముక్క వేసి, అర నిమిషం ఆగి, గరిటెతో లాగి చూడండి. తెగితే మరో అర నిమిషం. అప్పటికీ తెగితే పాలలో కలిపిన నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) తక్కువైనట్టు. పులుపు తగిలి కాల్షియం కొంత వదిలితేనే కేసిన్ పోగులు సాగుతాయి. వచ్చేసారి లీటరుకు చిటికెడు పెంచండి. ఈసారికి కూర వండుకోండి.

పిండి కలపడం మీకు తెలిసిందే: 250 గ్రాముల మైదా, 160 మిల్లీలీటర్ల నీళ్లు, చెంచాడు ఉప్పు, పావు చెంచా ఈస్ట్, రాత్రంతా ఫ్రిజ్‌లో. నేనైతే నీళ్లకు బదులు చీజ్ తీయగా మిగిలిన తేట పోస్తాను.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. చీజ్‌ను నీళ్లలోంచి తీసి, చేతితో ఒకసారి దులిపి, అలాగే పిజ్జా మీద పరిచేస్తారు. తాజా మోజరెల్లాలో సగానికి పైగా నీళ్లే ఉంటాయి. పిజ్జాకు పేరుపడ్డ ఇటలీ నగరం నేపుల్స్‌లో కట్టెల పొయ్యి కప్పు 485 డిగ్రీల దగ్గర ఉంటుంది, పిజ్జా 60 నుంచి 90 సెకన్లలో బయటపడుతుంది. నీళ్లు ఊరేలోపే పని ముగుస్తుంది. అంత వేడి ఉన్నవాళ్లే చీజ్‌ను ముందుగా కోసి నీళ్లు వార్చుకుంటారు. మన ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) 250 దాటదు. పిజ్జా ఎనిమిది నిమిషాలు లోపల కూర్చుంటుంది. ఆ ఎనిమిది నిమిషాలూ చీజ్ నీళ్లు కారుస్తూనే ఉంటుంది. చివరికి అంచు జంతికలా, నడిమి భాగం ఉడకని ఇడ్లీలా తయారవుతుంది. అప్పుడు నింద పిండి మీద వేస్తారు.

ముందు రోజు సాయంత్రమే వేలి మందాన ముక్కలు కోసి, జల్లెడలో పలుచని గుడ్డ పరిచి, మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. పిండవద్దు, పిండితే నీళ్లతో పాటు వెన్న కూడా పోతుంది, మిగిలేది పీచు. నా వంటింట్లో 200 గ్రాముల ముద్ద తెల్లవారేసరికి 170కి దిగింది. ఆ 30 గ్రాములే మీ పిజ్జాలో చెరువు. టమాటాలదీ అదే దారి: తురిమి, ఉప్పు చల్లి, అరగంట వడకట్టాలి, ఉడికించకూడదు. ఉల్లిపాయ, క్యాప్సికం, పుట్టగొడుగులు ఒక్కొక్కటీ తన వంతు నీళ్లు తెస్తాయి. నేను ఏదీ వేయను. మొక్కజొన్న గింజల గురించి నా అభిప్రాయం అడగకండి. పిజ్జా మీద వేసే బేసిల్ ఆకు దొరక్కపోతే మానేయండి, పెరట్లో తులసి మాత్రం తుంచవద్దు. లవంగం వాసన మీదికొస్తుంది.

ఇనుప దోసె పెనాన్ని ఓటీజీలో బోర్లించి 45 నిమిషాలు కాలనివ్వండి. మొదట టమాటా ఒక్కటే రాసి నాలుగు నిమిషాలు, తర్వాత చీజ్ 80 గ్రాములు, రేగుపండంత ముక్కలుగా, మరో నాలుగు నిమిషాలు. అంతకంటే వేయకండి.

అభ్యాసం: పిండిని మూడు చిన్న ఉండలు చేయండి, చీజ్‌ను మూడు సమాన ముక్కలు చేసి తూచండి. ఒకటి రాత్రంతా నీళ్లు వార్చినది, ఒకటి రెండు గంటలు, ఒకటి అప్పుడే నీళ్లలోంచి తీసినది. మూడు పిజ్జాలూ ఒకే పూట, ఒకే పెనం మీద. కాల్చే ముందు చీజ్‌ను మళ్లీ తూచండి. మూడోదాన్ని పిల్లలకు పెట్టకుండా మీరే తినండి. తూకాలు రాసి ఉంచితే, వచ్చే పాఠంలో ఉప్పు నీళ్ల లెక్క అక్కడి నుంచే ఎత్తుకుంటాను.