బౌద్ధ బాలుర పాఠశాల చరిత్ర రాయడం ఎలా: కొలంబో ఆనంద కాలేజీ ఉదాహరణగా

పాఠశాల చరిత్ర రాయడానికి కూర్చున్నవారి చేతికి ముందుగా దొరికేది ప్రిన్సిపాళ్ల జాబితా, ఆ తరువాత భవనాల ప్రారంభోత్సవాల ఫోటోలు. ఆ రెండింటినీ వరుసగా పేర్చుకుంటూ పోతే వార్షికోత్సవ సంచిక తయారవుతుంది గాని చరిత్ర తయారు కాదు. శ్రీలంకలోని బౌద్ధ బాలుర పాఠశాలల విషయంలో ఈ తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అవి పిల్లలకు చదువు చెప్పడానికి మాత్రమే పుట్టినవి కావు. ఒక కొరతకు జవాబుగా పుట్టినవి. ఆ కొరత ఏమిటో చెప్పకుండా మొదటి గంట ఎప్పుడు మోగిందో చెబితే పాఠకుడికి ఏమీ అందదు. కొలంబోలోని ఆనంద కాలేజీని ఉదాహరణగా తీసుకొని, ఇలాంటి చరిత్రను ఎక్కడ మొదలుపెట్టాలో, దేనిని సరిచూసుకోవాలో, విద్యార్థి జీవితాన్ని ఏ వివరాలతో చూపాలో ఇక్కడ చెబుతాను.

ముందుగా ఒక మాట తేల్చుకోవాలి. శ్రీలంకలో ‘కాలేజీ’ అని పేరున్నంత మాత్రాన అది ఇంటర్మీడియట్, డిగ్రీ చదువుల చోటు కాదు. అక్కడ పేరున్న బడులు చాలా వరకు కాలేజీలే. ఒకటో తరగతి నుంచి పదమూడో తరగతి వరకు, అంటే అక్షరాభ్యాసం నుంచి విశ్వవిద్యాలయ ప్రవేశానికి దారితీసే అడ్వాన్స్‌డ్ లెవెల్ పరీక్ష వరకు ఒకే ఆవరణలో నడిచే బడులు వాటిలో ఉన్నాయి. కాబట్టి తెలుగులో రాసేటప్పుడు పేరును ‘ఆనంద కాలేజీ’ అని అలాగే ఉంచి, వాక్యంలో దానిని ‘పాఠశాల’, ‘బడి’ అనే ప్రస్తావించడం మంచిది. ‘ఆనంద కళాశాల’ అని రాస్తే మీసాలు వచ్చిన కుర్రవాళ్లే పాఠకుడి కళ్ల ముందు మెదులుతారు, నీలం నిక్కరు వేసుకున్న ఆరేళ్ల పిల్లవాడు కనిపించడు.

ఇక ఆరంభం. స్థాపన తేదీతో కాకుండా అంతకుముందు పదిహేనేళ్ల నుంచి మొదలుపెట్టండి. పంతొమ్మిదో శతాబ్దంలో సింహళంలో ఇంగ్లీషు చదువు, దానివల్ల వచ్చే ప్రభుత్వోద్యోగం చాలా మేరకు క్రైస్తవ మిషనరీ బడుల గుండానే సాధ్యమయ్యేవి. బౌద్ధ కుటుంబంలో పుట్టిన పిల్లవాడు చదువు కోసం బైబిలు పాఠాలు వల్లించవలసి వచ్చేది, పేరు కూడా డాన్ డేవిడ్ అనో మరొకటో ఉండేది. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణ కాదు. తరువాత బౌద్ధ పునరుద్ధరణ నాయకుడు అనగారిక ధర్మపాలగా ప్రసిద్ధుడైన ఆయన 1864లో డాన్ డేవిడ్ హేవావితారణగా పుట్టి, క్రైస్తవ బడుల్లోనే చదువుకున్నాడు. 1873లో పానదుర అనే ఊళ్లో బౌద్ధ భిక్షువు మిగెట్టువత్తే గుణానంద థేరో క్రైస్తవ బోధకులతో బహిరంగ వాదం చేశాడు. ఆ వాద వివరాలు ముద్రణలో అమెరికా దాకా చేరి హెన్రీ స్టీల్ ఆల్కాట్ దృష్టిలో పడ్డాయి. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడైన ఆల్కాట్ 1880 మే నెలలో ఆ సమాజం సహ స్థాపకురాలు బ్లావట్‌స్కీతో కలిసి గాలె రేవు పట్టణంలో దిగి, అక్కడే బౌద్ధుల అయిదు నియమాలైన పంచశీలాన్ని స్వీకరించాడు. అదే ఏడాది కొలంబోలో బౌద్ధ దివ్యజ్ఞాన సమాజం ఏర్పడింది. బడులు పెట్టింది ఆ సంస్థే. వాటి నిధికి చందాల కోసం ఆల్కాట్ ప్రత్యేకంగా చేయించుకున్న ఎద్దుబండిలో ఊరూరా తిరిగాడు. ఇవన్నీ ఒక పేజీలో చెప్పగలిగితే చాలు, పాఠశాల ఎందుకు అవసరమైందో పాఠకుడికి తెలిసిపోతుంది.

తరువాతి పని తేదీలను విడదీయడం. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు, నేనూ తడబడ్డాను. మొదటిసారి రాసినప్పుడు ‘ఆనంద కాలేజీ 1886లో ప్రారంభమైంది’ అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఆ సంగతి తెలిసిన ఒక పెద్దాయన చేత చీవాట్లు తిన్నాను. నిజానికి 1886 నవంబరు 1న కొలంబో పెట్టా ప్రాంతంలోని మాలిబన్ వీధిలో ఒక ఇంట్లో ప్రారంభమైనది ‘ఇంగ్లీష్ బుద్ధిస్ట్ స్కూల్’. అప్పటికి విద్యార్థులు 37 మంది. 1888లో అదే వీధిలో మరో ఇంటికి మారింది. ట్యూడర్ రాజపక్స ఇచ్చిన స్థలంలో, మరదానలో స్థిరపడి ఆనంద కాలేజీ అనే పేరు పొందింది 1895లో. అంటే పుట్టుక, మకాం మార్పు, నామకరణం మూడు వేర్వేరు సంఘటనలు. మీరు రాసే పాఠశాల ఏదైనా, ఒక కాగితం మీద ఈ మూడు నిలువు గళ్లు గీసుకొని, ఒక్కొక్క తేదీ ఏ గడిలో పడుతుందో నింపుకున్న తరువాతే మొదటి వాక్యం రాయండి. ఈ జాగ్రత్త తోబుట్టువు పాఠశాలల విషయంలో మరీ అవసరం. క్యాండీలోని ధర్మరాజ కాలేజీ 1887లో, గాలెలోని మహింద కాలేజీ 1892లో మొదలయ్యాయి గనుక వాటితో చిక్కు లేదు. కాని కొలంబోలోని నలందా ఆనంద కాలేజీ నుంచే విడివడి 1925 నవంబరు 1న పుట్టింది. రెండింటికీ తేదీ, నెల ఒకటే కావడంతో, సంవత్సరం చూసుకోకుండా నకలు చేసేవారి చేతిలో తల్లి బడి, పిల్ల బడి కలిసిపోయే ప్రమాదం ఉంది.

ప్రిన్సిపాళ్ల గురించి రాయవద్దని నేను అనడం లేదు. ‘విశిష్ట సేవలందించారు’ అనే మాట కొట్టివేసి, ఆ మనిషి వచ్చిన తరువాత ఏమి మారిందో ఒక్క వాక్యంలో చెప్పగలరేమో చూడండి. చెప్పలేకపోతే పేరు పట్టికలో ఉంచితే సరిపోతుంది. ఆనంద విషయంలో చెప్పగలిగేవారు కనీసం నలుగురున్నారు. మొదటి ప్రిన్సిపాల్ చార్లెస్ వెబ్‌స్టర్ లెడ్‌బీటర్, ఆంగ్లికన్ మతాచార్య వృత్తిని వదిలి ఆసియాకు వచ్చిన ఆంగ్లేయుడు. ఆయన 1906లో తన దగ్గరి బాలుర విషయంలో వచ్చిన ఆరోపణలపై దివ్యజ్ఞాన సమాజం నుంచి రాజీనామా చేశాడు. ఆ వ్యవహారం కొలంబోలో ఆయన పనిచేసిన కాలానికి చాలా ఏళ్ల తరువాతిది. బాలుర పాఠశాల చరిత్రలో దీనిని దాచడమూ తప్పే, రెండు కాలాలను కలిపేసి రాయడమూ తప్పే. 1890లలో బాధ్యత వహించిన ఏ.ఈ. బుల్ట్‌జెన్స్ డచ్చి సంతతివారైన బర్గర్ సమాజానికి చెందినవాడు; మిషనరీ బడిలో, ఆపైన కేంబ్రిడ్జిలో చదివి బౌద్ధం స్వీకరించినవాడు. 1893లో కొలంబో ముద్రణాలయ కార్మికుల సంఘానికి కార్యదర్శిగా నిలిచిందీ ఆయనే. అప్పట్లో ఉన్న బడికి పావు మైలు దూరంలోపు కొత్త బడి పెడితే ప్రభుత్వ గ్రాంటు రాదని ఒక నిబంధన ఉండేది. ముందే వచ్చి మంచి చోట్లన్నీ ఆక్రమించిన మిషన్ బడులకు అది కోటగోడలా పనికొచ్చింది. బుల్ట్‌జెన్స్ దానిపై పోరాడాడు. ఈ పావు మైలు కథ పది ప్రారంభోత్సవాల కంటే విలువైనదని నా అభిప్రాయం: బడికి డబ్బు ఎలా వచ్చింది, ఎలా రాలేదు అన్నది చెప్పనంతవరకు దాని కష్టం మాటలకే పరిమితం.

1898లో వచ్చిన డి.బి. జయతిలక అదే ఏడాది కొలంబోలో యువజన బౌద్ధ సంఘాన్ని స్థాపించినవారిలో ఒకడు. ఆయనతో బడి, జాతీయ రాజకీయం ఒకదానికొకటి దగ్గరయ్యాయి. 1918లో బాధ్యత తీసుకున్న పి. డి ఎస్. కులరత్న కాలంలో పాఠశాల పెరిగింది, నలందా విడివడింది, జాతీయ దుస్తుల మీద శ్రద్ధ పుట్టింది. నలందా మొదటి ప్రిన్సిపాల్ జి.పి. మలలసేకర తరువాత పాళీ సంజ్ఞానామ నిఘంటువును కూర్చిన పండితుడు. పండితుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకరు: మహింద కాలేజీని 1903 నుంచి 1919 వరకు నడిపిన ఎఫ్.ఎల్. వుడ్‌వర్డ్ ఆ తరువాత టాస్మానియాకు వెళ్లి, పాళీ సూత్రాలను ఇంగ్లీషులోకి అనువదిస్తూ శేష జీవితం గడిపాడు. గాంధీజీ 1927 నవంబరు 24న మహిందకు వచ్చాడు. ఇలాంటి ప్రముఖుల రాకకు ఒక వాక్యం చాలు. ఒక పూట వచ్చిపోయిన అతిథికి మూడు పేజీలిచ్చి, పదహారేళ్లు పాఠం చెప్పిన మనిషికి మూడు లైన్లిచ్చిన సంచికలు లేకపోలేదు.

పాఠశాల జీవితాన్ని చూపడానికి నేను వాడే దగ్గరి దారి దాని ధ్యేయవాక్యం. అది చొక్కా జేబు మీద, గేటు మీద, సర్టిఫికెట్టు మీద రోజూ కనిపించేదే కనుక ఎవరూ చదవరు. ఆనంద కాలేజీది ‘అప్పమాదో అమతపదం’, ధమ్మపదంలోని ఇరవై ఒకటో గాథ మొదటి పాదం. ఇక్కడ తెలుగు రచయితకు ఒక ఉచ్చు ఉంది. ‘ప్రమాదం’ అనగానే మనకు రోడ్డు మీద జరిగేది గుర్తుకు వస్తుంది గనుక, అప్పమాదం అంటే అపాయం లేకపోవడమని అనువదించేస్తాం. పాళీలో పమాదమంటే ఏమరుపాటు. అప్పమాదమంటే ఏమరుపాటు లేకుండా మెలకువగా ఉండడం. ఏమరని తనమే మృత్యువు లేని చోటికి బాట అని ఆ మాటకు అర్థం. బుద్ధుడి చివరి మాటల్లోనూ ఇదే పదం ఉంది: ‘అప్పమాదేన సంపాదేథ’. మహింద కాలేజీ వాక్యం ‘ఖిప్పం వాయమ పండితో భవ’. చూడగానే వ్యాయామం గుర్తుకొచ్చినా, త్వరగా ప్రయత్నించి పండితుడివి కమ్మని చెప్పే మాట అది, ధమ్మపదంలోదే. ధర్మరాజది ‘అత్తాహి అత్తనో నాథో’, తనకు తానే దిక్కు. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, మోక్షం గురించి చెప్పిన గాథలను బడిపిల్లవాడి చదువుకు ఎలా అన్వయించుకున్నారో మీరు వ్యాఖ్యానించకుండానే తెలుస్తుంది.

ఆ తరువాత ఒక మామూలు రోజును గంట గంటకూ రాయండి. శ్రీలంకలో ప్రభుత్వ పాఠశాల ఉదయం 7:30కు మొదలై మధ్యాహ్నం 1:30కు ముగుస్తుంది. చిన్న తరగతుల పిల్లలు తెల్ల చొక్కా, నీలం నిక్కరు. పెద్ద తరగతులకు వచ్చేసరికి తెల్ల ప్యాంటు. నిక్కరు నుంచి ప్యాంటుకు మారిన రోజు పూర్వ విద్యార్థి జ్ఞాపకంలో ప్రిన్సిపాల్ ఉపన్యాసం కంటే గట్టిగా నిలిచి ఉంటుంది, అడిగి చూడండి. పొద్దున సభలో పంచశీలం పఠిస్తారు: ‘పాణాతిపాతా వేరమణి’తో మొదలయ్యే అయిదు వాక్యాలు, ఒకరు అందిస్తే వందల గొంతులు అందుకుంటాయి. అర్థం తెలిసే ముందే లయ వంటబడుతుంది. కొన్ని సందర్భాలలో తమలపాకులు చేతికిచ్చి గురువు కాళ్లకు మొక్కడం ఉంది. పున్నమి రోజు పోయ సెలవు కనుక బడి పంచాంగమే చంద్రుడిని బట్టి నడుస్తుంది. బుద్ధ పూర్ణిమ పండుగ వెసాక్ సమీపిస్తే వెదురు బద్దలు, రంగు కాగితాలతో లాంతర్లు కట్టే పని తరగతి గదుల్లోకి వస్తుంది. ఆదివారాల్లో ధర్మ పాఠశాల వేరు. ఈ వివరాలలో ప్రతి పాఠశాలకూ తనదైన తేడా ఉంటుంది; మీరు రాసే బడిలో ఎలా చేసేవారో ఇద్దరు వేర్వేరు తరాల వారిని అడిగి సరిచూసుకోవాలి, ఒక బడి ఆచారాన్ని మరో బడికి అంటగట్టకూడదు.

అడిగే పద్ధతి కూడా చెప్పాలి. ‘మీ రోజుల్లో బడి ఎలా ఉండేది’ అంటే ‘బంగారంలా ఉండేది’ అన్న జవాబే వస్తుంది. దానికి బదులు వస్తువులను అడగండి: ఏ గేటులోంచి వచ్చేవారు, ఆలస్యమైతే ఎక్కడ నిలబెట్టేవారు, మధ్యాహ్నం ఆకలికి ఏం తినేవారు, ప్రిఫెక్టు (విద్యార్థి నాయకుడి) బ్యాడ్జీ ఎక్కడ పెట్టుకునేవారు, దెబ్బలు దేనికి పడేవి. ఒక వస్తువు పట్టుకుంటే దాని వెనక పది మాటలు కదులుతాయి. ఫోటోల విషయంలో మధ్యలో కూర్చున్న అతిథిని వదిలి అంచులు చూడండి. వరుస చివర చెప్పులు లేకుండా నిలబడ్డ పిల్లవాడు ఆ బడికి ఎవరు వచ్చేవారో చెబుతాడు.

క్రికెట్ లేకుండా ఈ చరిత్ర పూర్తి కాదు, అలాగని దాన్ని గణాంకాలతో నింపనవసరం లేదు. ఆనంద, నలందా ఏటా ఆడే బిగ్ మ్యాచ్‌కు ‘మెరూన్‌ల సమరం’ అని పేరు. రెండు బడుల రంగూ మెరూనే, ఒకదానికి తోడు బంగారు రంగు, రెండోదానికి వెండి. ఒకే ఇంటి నుంచి విడివడ్డ అన్నదమ్ముల పోటీ అని ఆ రంగులే చెబుతాయి. 1996లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టు నాయకుడు అర్జున రణతుంగ ఆనంద విద్యార్థి. శ్రీలంక మొదటి టెస్టు కెప్టెన్ బందుల వర్ణపుర, ఆ తరువాతి కాలపు మహేల జయవర్ధన నలందా వారు. గ్యాలరీలో బూరలు, డప్పుల పాపరె బ్యాండు మోత, జెండాలు, పాత విద్యార్థులు పిల్లల్లా గంతులేయడం, ఇవి స్కోరుబోర్డు కంటే ఎక్కువ చెబుతాయి.

చివరగా, పూర్వ విద్యార్థుల సంచికలు త్వరగా దాటేసే రెండు సంగతులు మిగిలాయి. మొదటిది ‘బాలుర’ అన్న మాట. కొలంబోలో బౌద్ధ బాలుర బడి మొదలైన అయిదేళ్లకు, 1891లో, బాలికల కోసం మ్యూసియస్ కాలేజీ వచ్చింది. దానిని మేరీ మ్యూసియస్ హిగ్గిన్స్ తీర్చిదిద్దింది. ఆ అయిదేళ్ల ఎడం ఎందుకు వచ్చిందో, చదువుకున్న కొడుకులకు చదువుకున్న కోడళ్లు కావాలన్న ఆలోచన దానిలో ఎంత ఉందో మీ చరిత్ర అడగవలసిన ప్రశ్న. రెండోది యాజమాన్యం. 1945లో ఉచిత విద్య వచ్చింది. 1960 చివర్లో సిరిమావో బండారనాయకే ప్రభుత్వం సహాయం పొందే పాఠశాలలను స్వాధీనం చేసుకునే చట్టం తెచ్చింది. దీనిని కాథలిక్కులు గట్టిగా ఎదిరించారు, బౌద్ధ నాయకులు చాలామంది కోరుకున్నారు. వారిలో ఆనంద మాజీ ప్రిన్సిపాల్ ఎల్.హెచ్. మెత్తానంద ఒకరు. అయితే ఆ చట్టం కింద బౌద్ధ దివ్యజ్ఞాన సమాజం బడులు కూడా ప్రభుత్వం చేతికి వెళ్లాయి. ఆనంద 1961లో ప్రభుత్వ పాఠశాల అయింది. ఇంగ్లీషు నేర్పడానికే పుట్టిన బడి సింహళ మాధ్యమానికి మారిన కథ కూడా ఈ కాలంతోనే ముడిపడి ఉంది. ఇక్కడ ఎవరినో ఒకరిని గెలిపించాలన్న తొందర వద్దు. ఎద్దుబండి మీద తిరిగి పోగుచేసిన చందాలతో కట్టిన బడికి గేటు మీద ధర్మవాక్యం అలాగే ఉండి, జీతాల రిజిస్టరు మాత్రం విద్యాశాఖకు మారిందని రాసి, ఆ ఏడాది బడిలో ఉన్నవారు ఏ మార్పును ముందుగా గమనించారో వారి మాటల్లోనే పెట్టండి.