కంట్రీ సంగీతం వినడం నేర్చుకుందాం – 4: పంక్తి చివర జవాబు ఎవరిది?

గత పాఠంలో ఇచ్చిన అభ్యాసం చాలామందిని బోల్తా కొట్టించింది. అమెరికా కంట్రీ గాయకుడు హ్యాంక్ విలియమ్స్ పాడిన ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’నూ, అదే పాటను 1951లో పాప్ గాయకుడు టోనీ బెనెట్ పాడిన రికార్డునూ పక్కపక్కన పెట్టుకుని, ఫిడేలు ఎక్కడెక్కడ వినిపిస్తుందో రాయమన్నాను. ‘రెండింటిలోనూ ఉంది’ అని ఎక్కువమంది రాశారు. బెనెట్ పాటలోనే ఫిడేలు నిండుగా ఉందని మెచ్చుకున్నవారూ ఉన్నారు. తప్పులో సగం నాదే. ఫిడేలంటే ఏమిటో అందరికీ తెలుసునని వదిలేశాను. కాబట్టి ఈ పాఠం అసలు విషయం, కంట్రీ రికార్డులకు కేంద్రమైన నాష్‌విల్ నగరం, కాసేపు ఆగాలి.

ఫిడేలు, వయొలిన్ ఒకే వాద్యం. అవే నాలుగు తీగలు, అదే కమాను. వేరు వేరు వాద్యాలని ఎవరైనా చెబితే నమ్మకండి. తేడా అంతా అది చేసే పనిలో ఉంది, ఆ తేడా మన చెవికి కొత్తదేమీ కాదు. కచేరీలో గాయకుడి పక్కన ఒకే వయొలిన్ ఉంటుంది. ఆయన సంగతుల వెంట నడుస్తుంది, ఆయన ఆగిన చోట తన మాట తాను చెబుతుంది. అది ద్వారం వెంకటస్వామి నాయుడు కమాను అయితే రెండు క్షణాల్లో పోల్చుకునేవారు ఉండేవారు. పాత సినిమా పాటలో వయొలిన్లు వరుసలు కట్టి కూర్చుంటాయి, అన్నీ కలిసి ఒకే గీత గీస్తాయి. మూడో వరుసలో చివరి కుర్చీ ఆయన ఏం వాయించాడో ఇంట్లో వాళ్లు కూడా చెప్పలేరు. హ్యాంక్ పాటలో జెర్రీ రివర్స్ వాయించింది మొదటి రకం. బెనెట్ పాటకు పెర్సీ ఫెయిత్ కూర్చిన వాద్యబృందం రెండో రకం. మొదటిదాన్ని ఫిడేలు అందాం, రెండోదాన్ని వయొలిన్ల బృందం అందాం. ‘వయొలిన్ వినిపించింది కనుక కంట్రీ’ అన్న జవాబును ఇకపై నేను దిద్దను, పక్కన పెట్టేస్తాను.

నేను వాడే అడ్డదారి ఒకటి చెబుతాను. గాయకుడు పంక్తి ముగించి ఊపిరి తీసుకునే ఖాళీలో ఎవరు దూరుతున్నారో వినండి, ఆ దూరేదే జవాబు. మిగతాదంతా వదిలేయండి. హ్యాంక్ దగ్గర ఆ ఖాళీ రివర్స్ ఫిడేలుదో, డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్‌దో. స్వరం నుంచి స్వరానికి జారే స్టీల్ గిటార్ ధ్వనిని పట్టుకోలేకపోతే ఒక గంట గోటువాద్యం విని మళ్లీ రండి. రెండింటిలోనూ మెట్లు నొక్కరు, తీగ మీద ఒక ముక్కను జార్చుతారు.

ఇక అసలు పాఠం. 1950, 51లలో కంట్రీ నుంచి పాప్‌కు పాట ఒక్కటే గట్టు దాటేది, పాడినవాడు ఇవతలే ఉండిపోయేవాడు. పీ వీ కింగ్ బృందం పాట ‘టెనెసీ వాల్ట్జ్’ను పాప్ గాయని ప్యాటీ పేజ్ పాడితే దేశమంతా కొన్నది. తరువాత 1956లో ఎల్విస్ ప్రెస్లీ రాక్ అండ్ రోల్‌తో ఉప్పెనలా వచ్చాడు, కుర్రకారు అటు తిరిగింది, రేడియో స్టేషన్లూ వెంట వెళ్లాయి. నాష్‌విల్‌లో ఇద్దరు నిర్మాతలు, ఆర్‌సీఏ రికార్డు కంపెనీలో చెట్ అట్కిన్స్, డెక్కా కంపెనీలో ఓవెన్ బ్రాడ్లీ, ఈసారి గాయకుణ్నే దాటించాలనుకున్నారు. ఫిడేలును లేపి పంపారు, స్టీల్ గిటార్‌ను గోడ వైపు జరిపారు. ఆ కుర్చీల్లో పియానోనూ, వెనుక ‘ఊ’, ‘ఆ’ అనే గాయక బృందాన్నీ కూర్చోబెట్టారు. నాష్‌విల్ శైలి అంటే ఇదే. ఆ ‘ఊ’లు నాకు పడవు. పాఠం కనుక వింటాను.

జిమ్ రీవ్స్‌నే తీసుకోండి. 1953లో ‘మెక్సికన్ జో’ను గొంతెత్తి పాడిన మనిషి, 1957లో ‘ఫోర్ వాల్స్’కు మైకు దగ్గరికి జరిగి చెవిలో చెప్పినట్టు పాడాడు. ‘హీల్ హ్యావ్ టు గో’ 1960లో పాప్ పట్టికలో రెండో స్థానం దాకా వెళ్లింది. మన దేశంలోనూ క్రిస్మస్ వస్తే ఆయన రికార్డు తీసే ఇళ్లున్నాయి. ‘హీల్ హ్యావ్ టు గో’లో వయొలిన్ల బృందం లేదు, గమనించండి. నాష్‌విల్ శైలి అనగానే వయొలిన్లు వెతికేవారు ఇక్కడ మళ్లీ పడతారు.

బ్రాడ్లీ దగ్గర పాడిన గాయని ప్యాట్సీ క్లైన్‌తో మరో చిక్కు. 1961లో వచ్చిన ‘ఐ ఫాల్ టు పీసెస్’ కంట్రీ పట్టికలో మొదటిది, పాప్‌లో పన్నెండోది. అంత నున్నని పాటలోనూ బెన్ కీత్ స్టీల్ గిటార్ ఉంది. హెల్మ్స్‌లా వెక్కదు, అడిగితేనే మాట్లాడే అల్లుడిలా ఉంటుంది. విల్లీ నెల్సన్ రాసిన ‘క్రేజీ’ సంగతి ఇంకా విచిత్రం. కారు ప్రమాదంలో దెబ్బతిన్న పక్కటెముకల నొప్పితో ఆమె పై స్వరాలు అందుకోలేకపోయింది. బ్రాడ్లీ వాద్యాలు ముందు రికార్డు చేసి ఉంచాడు, కొన్ని వారాల తరువాత ఆమె వచ్చి గొంతు చేర్చింది. ఆ పాటలో ఖాళీలు నింపేది ఫ్లాయిడ్ క్రేమర్ పియానో, జోర్డనెయిర్స్ అనే గాయక బృందం గొంతులు.

అభ్యాసం. మరిచిపోయేవాణ్నే. ‘ఐ కాన్ట్ స్టాప్ లవింగ్ యూ’ రెండు రికార్డులు తీసుకోండి: 1958లో వచ్చిన డాన్ గిబ్సన్ పాట, 1962లో వచ్చిన రే చార్లెస్ పాట. గిబ్సన్ ఈ పాట రాసినవాడు, అతని రికార్డుకు అట్కిన్స్ నిర్మాత. నల్లజాతి గాయకుడైన చార్లెస్ దీన్ని పాప్ పట్టికలో 5 వారాలు మొదటి స్థానంలో నిలిపాడు. ప్రతి పంక్తికీ ఒక గడి గీసి, చివర జవాబిచ్చింది ఎవరో రాయండి. ఒక్కో పాట నాలుగుసార్లు, అందులో ఒకసారి బేస్ (అడుగున మోగే మంద్ర వాద్యం) మాత్రమే వింటూ. పాట సాహిత్యం రాసి పంపవద్దు, నాకు కంఠస్థం.

చార్లెస్ దగ్గర గడులు కుదరడం లేదని కంగారు పడకండి. అక్కడ చాలాచోట్ల గాయక బృందమే పంక్తి ఎత్తుకుంటుంది, ఆయన జవాబిస్తాడు. నల్లజాతి చర్చిల్లో పాట నడిచే తీరు అది. అలాంటి గడిలో గాయక బృందం నుంచి చార్లెస్ వైపు బాణం గుర్తు వేయండి. వచ్చే పాఠం కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్ కంట్రీ. అక్కడి గాయకుడు బక్ ఓవెన్స్ దగ్గర ‘ఊ’లు ఉండవు.